ముసుగు లేని సిస్టర్

లంచ్ బెల్ కొట్టగానే రెహానా గ్రౌండ్‌లోకి పరుగెత్తి, బోర్లా పడింది. మోకాలు దోక్కుపోయి రక్తం వచ్చింది.

రెహానాది ఫస్ట్ క్లాస్. దోహా పక్కనున్న అల్ వక్రా నుంచి ఒకే స్కూలు బస్సులో వచ్చే ఫిఫ్త్ క్లాస్ ప్రణతి ఆ పిల్లని లేవదీసి సిక్ రూమ్‌కి నడిపించింది.

అక్కడ కొత్త నర్సు సిస్టర్ ఇన్నాసమ్మ దూది, మందు తీసుకుని కింద కూర్చుంది. ఆవిడ గుంటూరు వైపు మఠం నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసిని. లేత నీలం చుడీదార్, మెడలో చిన్న శిలువ.

"ఏదీ, చూపించమ్మా."

రెహానా కాలు వెనక్కి లాక్కుంది. "నాకొద్దు! నువ్వు డూప్లికేట్ సిస్టర్‌వంట. అందరు అంటున్నరు."

సిస్టర్ దూది పక్కన పెట్టింది. లేచి ఆయాని పిలిచింది. "కొంచెం మీరు కడిగి కట్టు కట్టండి. పాప భయపడుతోంది."

తలుపు దగ్గర నిలబడ్డ ప్రణతి గుమ్మం వెనక్కి జరిగింది. ఆ పేరు పెట్టింది తనే.

దోహాలో అప్పుడు ఎటు చూసినా క్రేన్లే. గ్యాస్ కంపెనీల్లో కొత్త ఉద్యోగాలు, స్కూల్లో కొత్త పిల్లలు, కొత్త టీచర్లు. ప్రణతి వాళ్ళమ్మ లలితకుమారి గుంటూరులో కాన్వెంట్‌లో చదువుకుంది. ఆవిడ పాత ఫొటోలో సిస్టర్లందరికీ తెల్లటి పొడుగు గౌను, తల మీద ముసుగు ఉన్నాయి. అది చూసి ప్రణతి క్లాసులో అనేసింది, "ఈవిడ నిజం సిస్టర్ కాదు. డూప్లికేట్!" అందరూ నవ్వారు. ఆ మాట స్కూలంతా పాకింది.

సాయంత్రం బస్సు ఎక్కేముందు ప్రణతి సిక్ రూమ్‌కి వెళ్ళింది.

"సిస్టర్, ఆ మాట మొదట అన్నది నేనే. మీకు ముసుగు లేదని..." ఇంకేమీ చెప్పలేక ఏడ్చేసింది.

సిస్టర్ స్టూలు ముందుకు జరిపింది. "కూర్చో. నేనూ ముసుగు వేసుకునేదాన్నే. తీసిన రోజు తల బోసిగా అనిపించింది. నేనూ ఇలాగే ఏడ్చాను."

"మరి ఎందుకు తీసేశారు?"

"మేం పల్లెలకి వెళ్తే ఆడవాళ్ళు గబుక్కున లేచి నిలబడేవాళ్ళు. పక్కన కూర్చునేవాళ్ళు కాదు. కష్టం చెప్పుకునేవాళ్ళు కాదు. మా మఠంలో అందరం కూర్చుని చాలా వాదించుకున్నాం. చివరికి, ఇష్టమైనవాళ్ళు మామూలు బట్టలు కట్టుకోవచ్చని పెద్ద సిస్టర్ ఒప్పుకున్నారు. ఆవిడ మాత్రం మార్చుకోలేదు."

"అప్పుడు వాళ్ళు పక్కన కూర్చున్నారా?"

"కూర్చోవడమేంటి! ఒకావిడ నా తలలో పేలు కూడా చూసింది."

ఏడుస్తూనే ప్రణతి నవ్వింది.

"ఇవాళ మాత్రం ఆ ముసుగు ఉంటే బాగుండేదనిపించింది," అంది సిస్టర్ మెల్లగా. "పసిపిల్ల నన్ను చూసి భయపడిందిగా."

బయట బస్సు హారన్ కొట్టింది. ప్రణతి కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

మర్నాడు బస్సులో ప్రణతి రెహానా పక్కన కూర్చుంది. "నీతో వాళ్ళన్నది అబద్ధం. అది పుట్టించింది నేనే. ఆవిడ నిజంగా సిస్టరే."

"సూది వేస్తదా?"

"వెయ్యదు. నేను నీ పక్కనే ఉంటా."

లంచ్‌లో ఇద్దరూ చెయ్యి పట్టుకుని వరండాలో నడుస్తుంటే ప్రణతి క్లాస్ పిల్లలు ఎదురయ్యారు.

"ఏంటే, డూప్లికేట్ దగ్గరికా?"

ప్రణతి చెవులు వేడెక్కాయి. తల దించుకుని వెళ్ళిపోవచ్చు. కానీ ఆగింది.

"ఆ మాట ముందు అన్నది నేను. నాదే తప్పు. ఇంకెవరూ అలా అనకండి. ఆవిడ పేరు సిస్టర్ ఇన్నాసమ్మ."

ఎవరూ నవ్వలేదు. ప్రణతి సిక్ రూమ్ తలుపు తోసింది.

"సిస్టర్, రెహానాకి కట్టు మార్చాలి."

రెహానా ప్రణతి వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా వెళ్ళి, దెబ్బ తగిలిన కాలు సిస్టర్ ఒళ్ళో పెట్టింది.