బెల్‌గ్రేడ్ దాటాక రాతి కుళాయి

బెల్‌గ్రేడ్ దాటి నిష్‌కి పోయే దారిలో, రోడ్డు పక్కన ఒక రాతి కుళాయి ఉంది. వేసవి సెలవులకి మ్యూనిక్ నుంచి కార్లలో సొంతూరు బయల్దేరే మా టర్కీ వాళ్లెవరూ చీకటిపడ్డాక అక్కడ ఆగరు. తప్పక ఆగారా — పేరుపేరునా పిలిచి, మొహాలు చూసి మరీ ఎక్కించుకుంటారు.

ఎప్పుడో ఒక కొడుకూ కోడలూ ముసలామెని అక్కడ మరిచిపోయి వెళ్లిపోయారట. మరిచిపోయారో, కావాలనే వదిలేశారో ఆ పైవాడికే ఎరుక. కారు వెనకాల పరిగెత్తిన ఆమెని లారీ గుద్దేసింది. అప్పట్నుంచీ ఏ కార్లో సీటు ఖాళీ అయినా... వచ్చి కూర్చుంటుందట.

నజ్మియేకి ఈ కథ తెలుసు. తెలిసి ఏం లాభం!

ఆ రాత్రికి ఆమె తల దిమ్మెక్కిపోయింది. మ్యూనిక్‌లో కారెక్కిన దగ్గర్నుంచీ అత్తగారు హవ్వా నోరు మూస్తే ఒట్టు. సాల్జ్‌బర్గ్‌లో రొట్టె ఎండిపోయిందంది. జాగ్రెబ్‌లో "మా కాలంలో కోడళ్లు..." అని ఎత్తుకుని బెల్‌గ్రేడ్ దాకా దించలేదు. మొగుడు బెకిర్‌ది ఇంకో పిచ్చి. కిందటేడు బావమరిది ముప్పై నాలుగు గంటల్లో సరిహద్దు చేరాడని, తను ముప్పై రెండులో చేరి తీరాలని పంతం. పిల్లలు కోట చూద్దామంటే ఆపడు, ఐస్‌క్రీమ్ అంటే ఆపడు. ఊళ్లన్నీ కిటికీలోంచి చూడాల్సిందే.

ఆపనన్నవాడి కారే పొగలు కక్కుతూ ఆగింది. సరిగ్గా ఆ కుళాయి దగ్గర!

"ఇక్కడొద్దండీ..." నజ్మియే గుసగుసలాడింది.

"నీళ్లు పొయ్యకపోతే ఇంజను పోతుంది. నీ దెయ్యమొచ్చి తోస్తుందా?"

నమాజుకి కాళ్లూ చేతులూ కడుక్కుంటానని హవ్వా కూడా దిగింది. దిగుతూ దిగుతూ ఒక్కటంటించింది. "నీకన్నా దెయ్యమే నయమే! పిలవకుండానే వచ్చి పక్కన కూర్చుంటుంది."

నజ్మియేకి ఒళ్లు మండిపోయింది. పళ్లు నూరుకుంటూ అనేసింది — "ఇక్కడే వదిలేసి పోతే పీడా విరగడవుతుంది."

బెకిర్ హారన్ కొట్టాడు. వెనక తలుపు ధడేల్‌మంది.

"అందరూ ఎక్కారా?"

"ఆఁ, ఎక్కారు." వెనక్కి తిరిగి అత్త మొహం చూడబుద్ధి కాలేదు. కంటి చివర ఒక తలగుడ్డ కనపడింది. అంతే.

అరగంట గడిచింది. వెనకనుంచి ఒక్క మాట లేదు! హమ్మయ్య, ముసలామె నోటికి తాళం పడిందని నజ్మియే లోలోపల మురిసిపోయింది.

బెకిర్ కళ్లు వాలిపోతున్నాయి. మొహానికి రాసుకుంటే నిద్రమత్తు వదులుతుందని కొలోన్ సీసాలోంచి నిమ్మవాసన నీళ్లు అతని చేతిలో పోసింది. అలాగే చీకట్లో సీసా వెనక్కి చాపింది. మూడు అరచేతులు ముందుకొచ్చాయి. రెండు చిన్నవి, వెచ్చనివి. మూడోది... మంచుగడ్డ. తడి.

"చలేస్తోందా అత్తయ్యా?"



"అమ్మా..." పెద్దది సెర్పిల్ ముందు సీటు గట్టిగా పట్టుకుంది. "నానమ్మ నన్ను చూసి నవ్వుతోంది... నానమ్మలా నవ్వట్లేదు."

ఎదురుగా లారీ వచ్చింది. దాని వెలుతురు కారులో పడింది. సెర్పిల్, చిన్నాడు ఉఫుక్. మూల సీటు ఖాళీ. సీటు మీద నీళ్లు.

నజ్మియే పైప్రాణాలు పైనే పోయాయి. "తిప్పండి! కారు తిప్పండి! అత్తయ్య లేదు!"

"ఎక్కారన్నావుగా!"

"చూళ్లేదు... మొహం చూళ్లేదు! తిప్పండి!"

ముప్పై రెండు గంటలు ఏ గంగలో కలిశాయో, బెకిర్ కారు తిప్పేశాడు. దారిపొడుగునా ఎదురొచ్చే ప్రతి లారీనీ చూసి నజ్మియే గుండె ఆగిపోయేది. 'దేవుడా, ఆమెకేం కాకుండా చూడు. జన్మంతా తిట్టినా పడతాను.'

హవ్వా కుళాయి దగ్గరే ఉంది. నిక్షేపంగా, చేత్తో చెప్పు పట్టుకుని. నజ్మియే పరిగెత్తి కావలించుకుని భోరుమంది.

"చాల్లే నటన! గొంతు చించుకుని అరిచాను. చూస్తూ చూస్తూ పోయావు."

"ఒట్టు అత్తయ్యా, నేను చూళ్లేదు!"

"అయితే వెనకద్దంలోంచి నాకు చెయ్యూపిందెవరే?"

నజ్మియే కారు మూల సీటుకేసి చూసింది.

ఈసారి పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరి మొహం తడిమి ఎక్కించింది. సెర్పిల్. ఉఫుక్. అత్తయ్య. ముగ్గురూ ఉన్నారు. ముగ్గురే ఉన్నారు. తలుపులు తనే వేసింది.

"ఏమిటే ఇంత ఇరుకు?" హవ్వా సణిగింది. ఆ సణుగుడే తేనెలా ఉంది నజ్మియేకి.

కాసేపటికి బెకిర్ మళ్లీ ఆవలించాడు. నజ్మియే కొలోన్ సీసా తీసింది. చీకట్లో సెర్పిల్ చెయ్యి... ఉఫుక్ చెయ్యి... అత్తగారి గరుకు చెయ్యి.

"రెండు చుక్కలేనా? పిసినారి!"

నవ్వుకుంటూ ఇంకాస్త పోసి, మూత పెట్టబోయింది.

నాలుగో చెయ్యి ముందుకొచ్చింది. మంచుగడ్డ. తడి.

ఆ వెంటనే చెవి పక్కనే, మెల్లగా —

"అందర్నీ పేరుపేరునా పిలిచావు... నన్నే మరిచిపోయావేం, కోడలా?"