చనిపోయాక వచ్చిన పోస్టు

ఉదయ్ భాస్కర్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక ఎముక లోపలికి దిగిపోయింది. కుడిచేతి బొటనవేలు లేదు.

సి.ఐ. శ్యామల గుమ్మంలోనే ఆగి చూసింది. పర్ణశాల రోడ్డు మీద, మిర్చి తోట అంచున ఉన్న రేకుల గది అది. గోడవార సర్వర్‌ను ఎవరో ఇనుప రాడ్డుతో ముక్కలు చేశారు. అదే రాడ్డు శవం పక్కన పడి ఉంది. టేబుల్ మీద చిందిన రక్తం ఎండిపోయింది. ఆ మరకల మీద ఒక సెల్‌ఫోన్. దానికి చుక్క రక్తం అంటలేదు.

ఉదయ్ భాస్కర్ ఆ గదిలో రిలే నడిపేవాడు. ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని సోషల్ నెట్‌వర్క్‌కు అలాంటి రిలేలే ఆధారం. ఎవరైనా పోస్టు పెడితే రిలే దాన్ని అందుకుని దాస్తుంది, అడిగినవాళ్లకు ఇస్తుంది. ఒకే పోస్టు నాలుగైదు రిలేలకు చేరుతుంది కాబట్టి ఒకదాన్ని పగలగొట్టినా పోదు. అది ఫలానా మనిషిదేనని రుజువు చేసేది అతని ఫోన్‌లో ఉండే రహస్య కీ.

వారం కిందట అతను, ఎవరో చాటుగా తీసి పంపిన ఒక వీడియో పెట్టాడు. అడవి అంచు గూడేనికి చెందిన బొజ్జయ్యను నలుగురు కర్రలతో కొట్టి చంపుతున్నారు. భూమి తగాదా. నలుగురి ముఖాలకూ తువ్వాళ్లు. బొజ్జయ్య చెట్టు మీంచి పడి చనిపోయాడని స్టేషన్‌లో అప్పటికే కేసు మూసేశారు. నలుగురిలో ఒకణ్ణి గుర్తుపట్టాననీ, త్వరలో పేరు చెబుతాననీ ఉదయ్ భాస్కర్ రాశాడు.

ఆ తర్వాత అతని కీతోనే మరో పోస్టు వచ్చింది. నిన్న సాయంత్రం టైము ఉంది. వీడియో నకిలీదనీ, తానే తయారు చేశాననీ, క్షమించమనీ.

ఎస్సై అప్పటికే కేసు తేల్చేశాడు. ఆ పోస్టు చూసి బొజ్జయ్య కొడుకు రాజు కడుపు మండి వచ్చాడు, చంపాడు, గొడ్డలితో వేలు నరికాడు. రాజు లాకప్‌లో ఉన్నాడు.

శ్యామల స్టేషన్‌కు వెళ్లేసరికి రాజు నేల మీద ముడుచుకుని ఉన్నాడు. పెదవి చీలి రక్తం కారుతోంది. అరికాళ్లు వాచి నల్లబడ్డాయి. ఆమె కానిస్టేబుల్ చేతిలోని లాఠీ లాక్కుని గోడకేసి కొట్టింది. జీపు తీయించి రాజును దవాఖానాకు పంపింది.

బయట బొజ్జయ్య భార్య గంగక్క కూర్చుని ఉంది. ఆమె ఏడవడం లేదు.

"నా పెనిమిటిని వాళ్లు సంపిండ్రు. కొడుకును మీరు సంపుతున్నరు. ఇంకెవలున్నరు మేడం మా ఇంట్ల?"

శ్యామల ఆమెను రాజు దగ్గరికి పంపే ఏర్పాటు చేసింది.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ రెండు సంగతులు చెప్పాడు. చావు అర్ధరాత్రికి ముందే జరిగింది. వేలు గొడ్డలితో నరికింది కాదు, రెండు వైపుల నుంచి నొక్కి కత్తిరించింది.

శ్యామల హైదరాబాద్‌లో రిలే నడిపే రాజ్యశ్రీకి ఫోన్ చేసింది. పోస్టు మీద కనిపించే టైము ఫోన్ గడియారం చెప్పినదే, దాన్ని ఎవరైనా మార్చొచ్చని రాజ్యశ్రీ చెప్పింది. అయితే పోస్టు నిజంగా ఎప్పుడు చేరిందో తన రిలే వేరుగా నమోదు చేసుకుంటుంది. ఆ క్షమాపణ అక్కడికి చేరింది ఈ తెల్లవారుజామున.

అప్పటికి ఉదయ్ భాస్కర్ శవమై ఉన్నాడు.

ఫోన్ గురించి అడిగితే భార్య ప్రమీలారాణి కళ్లు తుడుచుకుంది.

"నిన్న మధ్యాహ్నం బండి మీంచి పడిపోయిందండీ. అద్దం పగిలి ఏమీ కనపడలేదు. బాగుచేయించుకొస్తానని వెళ్లారు."

శ్యామల కవరులోంచి ఫోన్ తీసి వెలుతురుకు పట్టింది. అద్దం మీద గీత కూడా లేదు.

మధ్యాహ్నం అందరినీ రేకుల గదికి రప్పించింది. ప్రమీలారాణి, ఎస్సై, బొజ్జయ్య భూమి తనదని కోర్టుకెక్కిన వెంకటరామారావు, ఊళ్లో ఒకే ఒక్క సెల్ షాపు నడిపే కిషన్‌లాల్. ఈ రిలేకు ఇంటర్నెట్ లైను లాగింది కిషన్‌లాలే. హతుడికి దగ్గరి స్నేహితుడు.

"కిషన్‌లాల్, నిన్న ఉదయ్‌ని చూశావా?"

"లేదు మేడం. పొద్దంత షాపులనే ఉన్న."

"అతని ఫోన్ రిపేరుకు రాలేదా?"

"రాలె."

శ్యామల ఎస్సై వైపు తిరిగింది. వేలు ఎందుకు కోశారని అడిగింది. "కసితో," అన్నాడతను.

"కసితో కాదు. ఈ ఫోన్ వేలిముద్రతో తెరుచుకుంటుంది. ఫోన్ ఇక్కడే ఉంటే చచ్చినవాడి వేలు దాని మీద నొక్కితే సరిపోయేది. కోసి పట్టుకెళ్లారంటే ఫోన్ ఇంకోచోట ఉంది. పగిలిన అద్దం మార్చడానికి ఇచ్చిన చోట."

ఆమె కిషన్‌లాల్ వైపు తిరిగింది.

"షాపులో వేలితో ఫోన్ తెరిచి, గడియారం వెనక్కి తిప్పి, పోస్టు పెట్టావు. నేరం రాజు మీదికి పోయేలా. తర్వాత ఫోన్ తెచ్చి ఎండిన రక్తం మీద పెట్టావు. సర్వర్ పగలగొట్టింది, రిలే సంగతి తెలియనివాళ్ల పని అనిపించడానికి. కిషన్‌లాల్, ఆ వీడియోలో ఉదయ్ గుర్తుపట్టింది నిన్నే కదా?"

కిషన్‌లాల్ చేయి జేబులోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు అందులో కేబుల్ కట్టర్ ఉంది. శ్యామల తల పక్కకు తిప్పింది కానీ ఇనుప మొన చెంప చీల్చేసింది. రెండో దెబ్బ పడకముందే ఆమె అతని మణికట్టు పట్టి టేబుల్ అంచుకేసి విరిచింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను మోకాళ్ల మీద కూలాడు.

"పేరు చెప్పకురా అని కాళ్లు వట్టుకున్న," అన్నాడు రొప్పుతూ. "ఇనలే."

వెంకటరామారావు లేచి తలుపు వైపు నడిచాడు.

"మీరు కూర్చోండి," అంది శ్యామల, చెంప మీది రక్తం తుడుచుకోకుండానే.

సాయంత్రానికి కిషన్‌లాల్ మిగతా ముగ్గురి పేర్లూ చెప్పాడు. వెంకటరామారావు, అతని ఇద్దరు పాలేర్లు. ఆ భూమిలో వాటా ఇస్తానని కిషన్‌లాల్‌ను రప్పించి, కర్రలు అందించి, మొదటి దెబ్బ వేసింది వెంకటరామారావే. బొజ్జయ్య కేసు మళ్లీ తెరిచారు, ఈసారి హత్యగా. ఎస్సై సస్పెండయ్యాడు.

చెంపకు కుట్లు వేయించుకుని శ్యామల రాజు వార్డుకు వెళ్లింది. మంచం పక్కన నేల మీద గంగక్క ఉంది. పేర్లు ఒక్కొక్కటే చెప్పమంది. శ్యామల చెప్పింది. మూడు పేర్లకూ గంగక్క తల ఊపింది. నాలుగోది వినగానే తలెత్తింది.

"కిషన్‌లాలా?" అంది. "మా ఆయన పాడెకు ముందట భుజం వట్టింది ఆయనే గద మేడం."

మంచం మీద రాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. శ్యామల స్టూలు జరుపుకుని అక్కడే కూర్చుండిపోయింది.