జంట మార్కులు

మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

"ఈ గదికి అయిదు మార్కులు ఎలా వేశారండీ?" అంది ఆమె, వరండాలో గొడుగు విప్పుతూ.

"అక్కడున్నంతసేపూ ఒక్క బిడ్డ కూడా ఏడవలేదు కదా. అందుకే అయిదుకి అయిదు," అన్నాడతను.

"నేను ఒకటే వేశాను. ఒక్క బిడ్డ కూడా ఏడవలేదనే."

శిశు సంరక్షణ కేంద్రాలకు, చిన్నపిల్లల బడులకు దేశమంతటా ఒకే నాణ్యతా ప్రమాణాలు రాయడానికి ఏర్పడ్డ కమిటీలో వాళ్ళిద్దరూ కొత్త. పసిపిల్లలకు పాఠాలు చెప్పి వచ్చిన ఆమెను అందరూ టీచరమ్మ అనేవారు. స్టాటిస్టిక్స్ చదివిన అతను లెక్కలాయన. రాసిన ప్రతి ప్రమాణాన్నీ ముందు నిజమైన గదుల్లో పరీక్షించాలి. ఇద్దరు చెరో మూలా కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా మార్కులు వేయాలి. ఇద్దరి మార్కులూ కలిస్తేనే ప్రమాణం నిలుస్తుంది. లేకపోతే ఎంత మంచిదైనా కొట్టేస్తారు.

అలా కొట్టేసేదాకా వచ్చింది టీచరమ్మ రాసిన ప్రమాణం. ఏడ్చే బిడ్డను పెద్దవాళ్ళు వెంటనే పట్టించుకోవాలి, ఓదార్చాలి. "వినడానికి బాగానే ఉంది, కొలవడం ఎలా?" అని కమిటీలో సగంమంది పెదవి విరిచారు.

ఆ సాయంత్రం బస్సులో ఆమె చెప్పింది. "మా అక్క తన కొడుకుని ఏడాది నిండకుండానే ఒక కేంద్రంలో వదిలింది. కొత్తలో వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. ఎవరూ రాకపోయేసరికి మానేశాడు. ఎంత బుద్ధిమంతుడో అని అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో పడి మోకాలు చీరుకుపోయినా వాడు మా వైపు చూసేవాడు కాదండీ."

లెక్కలాయన ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. మా అక్క మురిసిపోతోంది."

ఆ తర్వాత అతను గదుల్లో నిశ్శబ్దాన్ని కాక పిల్లల కళ్ళను చూడటం మొదలుపెట్టాడు. అలాగని ఒప్పంతా ఆమెదే అనుకునేరు. ఒకచోట ఆయా మీద కోపంతో ఆమె సున్నా వేస్తే, "ఆవిడ చంకలో బిడ్డ ఉంది, దించి రాలేకపోయింది. అక్కణ్ణుంచే ఏడుస్తున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపుకే వాడు ఊరుకున్నాడు. మీరు చూడలేదు," అన్నాడు. దూరం నుంచి పలకరించినా ఓదార్పే అన్న మాట ప్రమాణంలోకి ఎక్కింది.

ఒక్కో గదిలో మార్కులు కలుస్తూ వచ్చాయి. మనసులూ కలుస్తున్నాయి. ఎవరి సంగతి వాళ్ళకే తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు.

"మీకు సొంత గొడుగు కొనే ఉద్దేశం ఏమైనా ఉందా?" అంది ఒకరోజు, తన గొడుగులో సగం అతనికి ఇచ్చి భుజం తడుపుకుంటూ.

"లేదండీ," అన్నాడు బుద్ధిగా.

ఆఖరి సమావేశం దగ్గర పడుతుండగా కమిటీ అధ్యక్షురాలు పెద్ద మేడం ఆమెను తన గదిలోకి పిలిచింది.

"పొద్దున లెక్కలాయన వచ్చాడు. నువ్వంటే ఇష్టమట. జంటగా మార్కులు వేసేవాళ్ళ మధ్య అలాంటిది ఉండకూడదు కదా, తన మార్కులు కొట్టేయమన్నాడు."

టీచరమ్మకు సంతోషమూ ఒళ్ళుమంటా ఒకేసారి పుట్టాయి. "నాతో ఒక్క ముక్కయినా అనకుండానా?"

"ఇప్పుడు నీ మాట కావాలి. నీ వైపు ఏమీ లేకపోతే నీ మార్కులు ఉంచుతాను, అవి ముందే కలిశాయి కాబట్టి ప్రమాణం నిలుస్తుంది. నీ వైపూ ఉంటే మొత్తం పోతాయి. కొత్త జంటను పంపాలి. వాళ్ళవి కలవకపోతే నీ ప్రమాణం పోయినట్టే."

లేదు అంటే చాలు. ఎవరూ ఆరా తీయరు. అక్క కొడుకు కోసమైనా ఆ ఒక్క అబద్ధం ఆడొచ్చనిపించింది. కానీ అబద్ధం మీద నిలబెట్టినది పిల్లలకు ఎన్నాళ్ళు అండగా ఉంటుంది? పైగా అతని గురించి ఆ మాట అనడానికి ఆమెకు మనసొప్పలేదు.

"కొట్టేయండి మేడం," అంది.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసింది. "ఈ సంగతి అతనికి చెప్పనా?"

"వద్దండి. ఆయన నాకు చెప్పలేదుగా."

కొత్త జంట ఎప్పుడు, ఏ గదులకు వెళ్ళిందో ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ రోజుల్లో ఆమె అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

"మేడం దగ్గరికి వెళ్ళేముందు నన్ను అడగొచ్చుగా?" అంది ఒకసారి.

"అడిగితే మీరు వద్దంటారేమోనని భయం. మీరు వద్దంటే నేను ఆగిపోయేవాణ్ణి," అన్నాడు.



సమావేశంలో పెద్ద మేడం ఒక్కో ప్రమాణం చదువుతుంటే, వెనక వరసలో టీచరమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ కూర్చుంది. ఆమె ప్రమాణం దగ్గర మేడం గొంతు సవరించుకుంది. "మార్కులు కలిశాయి. ఇది ఉంటుంది." తర్వాత మార్కులు వేసినవాళ్ళ పేర్లు చదివింది. వాటిలో అతని పేరు లేదు, ఆమె పేరూ లేదు.

బయట నడవాలో అతను గబగబా వెంటపడి వచ్చాడు. "నా ఒక్కడి మార్కులే తీసేయమన్నానండీ. మీ పేరెందుకు పోయింది?"

"నేనే కొట్టేయమన్నాను."

"మీవి ఎందుకూ? మీ వైపు ఏమీ..." అని మధ్యలోనే ఆగిపోయాడు. లెక్కలాయనకు ఆ లెక్క తేలడానికి అంతసేపు పట్టింది.

"మేడంకి చెప్పారు. నాకెప్పుడు చెబుతారు?" అందామె. కళ్ళు నిండిపోయాయి.

నడవా నిండా కమిటీ వాళ్ళున్నారు. అయినా అతను ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాడు, ఆ రోజు మేడంకి చెప్పినదానికన్నా చాలా ఎక్కువే చెప్పాడు. టీచరమ్మ అందరూ చూస్తుండగానే పైకి ఏడ్చింది. ఆపుకోవాలని ఆమెకు అనిపించలేదు.