నాలుగువందల పన్నెండో లైను

సెల్లార్‌లో అద్దాలాయన్ని పొద్దున ఆరింటి నుంచి కొడుతున్నారు. ఇప్పుడు పదకొండు దాటింది. అద్దాలు ఎప్పుడో పగిలిపోయాయి, పేరు మాత్రం మిగిలింది.

అతను చేసిన నేరం ఒక్క సంతకం. రైల్వే సిగ్నల్ ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌లో లైను లైనూ చదివి, అంతా సవ్యమేనని సంతకం పెట్టాడు. తీరా చూస్తే పరాయి దేశపు ముఠా అందులో ఏదో దూర్చిందని తెల్లారగట్ల కబురొచ్చింది.

పై అంతస్తులో గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ పెద్దాయన బ్రీఫింగ్ మొదలెట్టాడు.

"పదకొండూ నలభైకి రెండు పాసింజర్ బళ్ళు ఒకే పట్టాల మీదకి వస్తాయి. పద్నాలుగొందల మంది జనం."

"ఆపేయొచ్చుగా సార్?" అన్నాడు ఏజెంట్ కామా. ఎక్కడికి పంపినా కాసేపు ఆగి మళ్ళీ కదుల్తాడు కాబట్టి ఆ పేరు.

"సిగ్నళ్ళూ, డ్రైవర్ల వైర్‌లెస్సూ అన్నీ ఆ ప్రోగ్రామ్ గుప్పిట్లోనే ఉన్నాయి. దొంగ లైను ఎక్కడుందో చెప్పు, పీకేద్దాం."

"మూడుసార్లు చదివాను సార్. లేదు."

"అయితే అద్దాలాయన చెప్తాడు. మేడం చెప్పిస్తుంది."

మేడం నవ్వితే ఆ ఆఫీసులో ఫైళ్ళు వాటంతటవే కదుల్తాయి. తన గోరు విరక్కుండా ఎదుటివాడి పక్కటెముకలు విరగ్గొట్టగల మనిషి. కామా సెల్లార్‌కి దిగేసరికి చేతులు తుడుచుకుంటోంది. తెల్ల సిల్కు షర్టు మీద ఒక్క నెత్తుటి చుక్క లేదు, ఏం పనితనమో!

"ఏమంటున్నాడక్కా?"

"పిచ్చి వాగుడు తమ్ముడూ. ఇంకెంతోసేపు ఉండడు."

అద్దాలాయన తల ఎత్తాడు. "సార్... ఒక ఖాళీ లైను... ఎందుకని అడిగాను. ఉండనీ, కళ్ళకి సుఖం అన్నారు..."

"ఎవరన్నారు?"

మేడం చెయ్యి లేచింది. ఆ దెబ్బకి అతని దవడ జవాబు చెప్పే స్థితిలో లేకుండా పోయింది.

కామా తన సీటుకి పరిగెత్తాడు. పదకొండూ ముప్పై ఆరు. ప్రోగ్రామ్ మొత్తమ్మీద ఖాళీ లైను ఒక్కటే, నాలుగువందల పన్నెండోది. మూడుసార్లూ దాన్ని దాటేశాడు. ఖాళీని ఎవడు చదువుతాడు? చిరాగ్గా దాని మీద మౌస్ లాగాడు. ఖాళీలోంచి అక్షరాలు లేచాయి. రెండు బళ్ళకీ ఒకటే దారి ఇవ్వమన్న ఆర్డర్!

నా తెలివి తెల్లారినట్టే ఉంది, అనుకుంటూ, ప్రోగ్రామ్‌లో ఏది ఏ రంగులో కనపడాలో చెప్పే ఫైలు తెరిచాడు. కామెంట్లకి బూడిద రంగు, అంకెలకి నారింజ. అట్టడుగున ఒక బుల్లి రూల్: ఫలానా గుర్తున్న లైనుకి నలుపు. వెనకున్న స్క్రీనూ నలుపే.

ఆ రంగులు పెట్టిందెవరు? మూడు వారాల కిందట మేడం ఈ కుర్చీ పక్కనే వంగి, "కళ్ళు పోగొట్టుకుంటావు తమ్ముడూ. జరుగు, అద్దాలాయనకి పెట్టిన రంగులే నీకూ పెడతా," అంది. ఆ సెంటు వాసనకి మురిసిపోయి థాంక్స్ కూడా చెప్పాడు వెధవ.

అంటే ఆమె కొడుతున్నది నిజం చెప్పించడానికి కాదు, చెప్పకుండా ఆపడానికి.

పదకొండూ ముప్పై తొమ్మిది. ఆ నల్ల స్క్రీన్‌లోనే వెనక ఆమె మొహం కనిపించింది. చేతిలో లిప్‌స్టిక్. మూత తిప్పితే తూటా పేలే రకం.

"కీబోర్డ్ మీంచి చెయ్యి తియ్యి తమ్ముడూ."

"ఒక్క నిమిషం ఆగక్కా."

"ఆ నిమిషమే నాకూ కావాలిరా!"

కామా జీవితంలో మొదటిసారి ఆగలేదు. లైను చెరిపి, సిగ్నల్ రూమ్‌కి పంపే మీట నొక్కాడు. తూటా భుజంలోంచి దూసుకుపోయింది. గావుకేక పెడుతూనే కుర్చీని వెనక్కి తన్నాడు. ఆమె మోకాలు పటుక్కుమంది. గార్డులు వచ్చి ఆమెని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళారు.

ఫోను మోగింది. బళ్ళు ఎదురెదురుగా ఆగాయట, మధ్యలో రెండు బోగీల ఎడం ఉందట.

కామా నెత్తురోడుతూనే సెల్లార్‌కి దిగాడు. అద్దాలాయన అప్పటికే చల్లబడిపోయాడు. పైన రిసెప్షన్‌లో అతని భార్య కొత్త అద్దాల డబ్బా పట్టుకుని కూర్చుంది. "ఇవి లేకపోతే ఆయనకి ఏమీ కనపడదండీ, కాస్త ఇచ్చిరండి," అంటూ కనిపించిన ప్రతివాళ్ళనీ బతిమాలుతోంది.

కామా ఏడుస్తూ పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. "ఏ పాపం తెలీని మనిషిని మనమే చంపుకున్నాం సార్. రిపోర్టులో ఇది రాసి తీరాలి."

"రాయవయ్యా, ఒక్క ముక్క వదలకుండా రాయి. నిజం రికార్డులో ఉండాల్సిందే," అన్నాడు పెద్దాయన. "రాశాక ఆ అక్షరాలకి తెల్ల రంగు పెట్టు."