హిల్డా మేడమ్ పుట్టింటి మొక్కలు

"షీటు ఏదండీ? ఆస్పత్రిలో ఇచ్చిన ప్లాస్టిక్ షీటు, టేపులు... మంచం కింద పెట్టాను కదా!"

సౌదీ అరేబియాలోని తబూక్ ఆస్పత్రిలో పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన రెబెక్కా, నర్సు బట్టలైనా మార్చుకోకుండా గదంతా గాలిస్తోంది. గల్ఫ్ యుద్ధం మొదలై వారమైంది. విషవాయువు బాంబులు పడవచ్చు, ఒక గది కిటికీలు, తలుపు సందులు ప్లాస్టిక్‌తో మూసుకోండని అందరికీ చెప్పారు. ఇంట్లో చూస్తే ఆరేళ్ల కూతురు షాలిని! ఇంక ఆ తల్లికి కాలు నిలుస్తుందా?

భర్త దానం తల దించుకున్నాడు. "మేడమ్ గారి అద్దాల గదికి కప్పేశానే... విమానాల మోతకి పైన అద్దాలు పగిలిపోయాయి. గ్యాసు వస్తుందో రాదో గానీ ఈ జనవరి చలికి మంచు మాత్రం రోజూ పడతా ఉంది. మొక్కలు చచ్చిపోతాయే!"

"మొక్కలా!" రెబెక్కా గొంతు పెరిగింది. ఇంక ఆగలేదు. "కన్నకూతురి కంటే దొరసాని మొక్కలు ఎక్కువైపోయాయా మీకు? బజారంతా తిరిగినా ఇంకో షీటు దొరకదే! యుద్ధం అయ్యేదాకా ఆస్పత్రివాళ్లు నాకు ఎలాగూ దేశం దాటే ఎగ్జిట్ కాగితం ఇవ్వరు. పిల్లని ఇండియా వెళ్లే తెలిసినవాళ్లతో ఊరికి పంపేస్తాను. ఆ తర్వాత మీరెవరో నేనెవరో!"

అవి మామూలు మొక్కలైతే దానం అంత పని చేసేవాడు కాదు. అతను తోటపని చేసే పొలానికి మేనేజరు ఒక ఇంగ్లీషు దొర. ఆయన భార్యే హిల్డా మేడమ్. ఆమె పుట్టిల్లు ఇంగ్లండులో రెండు వందల ఏళ్ల నాటి రాతి మేడ. ఓడల వ్యాపారం చేసిన పూర్వీకుడెవరో కట్టించాడట. ఆయన భార్య దేశదేశాల విత్తనాలు తెప్పించి తోట వేసి, ప్రతి మొక్కకూ పేరు రాసిన రేకు కట్టించిందట. పద్నాలుగు మంది తోటమాలీలు మొదటి ప్రపంచయుద్ధానికి వెళితే నలుగురే తిరిగొచ్చారట! చివరికి మేడ చేతులు మారింది, తోట చదునైపోయింది. ఆ ఇంటివాళ్లలో మిగిలిన ఒక్క ఆడపిల్ల హిల్డా మేడమే, అక్కడి కొమ్మలు తెచ్చి ఈ ఎడారిలో అద్దాల గది కట్టించి బతికించుకుంది. యుద్ధభయంతో విమానమెక్కే ముందు, "దానం, నా పుట్టిల్లు నీ చేతిలో పెడుతున్నాను" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ వెర్రిబాగులవాడు...!

"నాన్నని తిట్టకమ్మా..." అంటూ షాలిని ఏడుపు అందుకుంది.

దానం కూతురి వంక చూశాడు. బయటికెళ్లి షీటంతా తన చేతులతోనే పీకి తెచ్చాడు. కిటికీకి, తలుపుకి చీమ దూరే సందు లేకుండా అతికించాడు. అయ్యో, రెబెక్కా మనసు అప్పుడైనా కుదుటపడిందా? లేదు! పొద్దున్నే వెళ్లి చూస్తే ముప్పై ఆరు కుండీల మొక్కలూ వేడినీళ్లలో వేసిన తోటకూరలా వాడి నల్లబడి ఉన్నాయి. దానం ఆ రోజు మెతుకు ముట్టలేదు. కంటతడీ పెట్టలేదు. అతని ముఖం చూడలేక ఆమె ఇంట్లోకి, వాకిట్లోకి తిరుగుతూనే ఉంది.

తబూక్‌లో విషవాయువు పడనే లేదు. యుద్ధం ముగిసింది. ఏప్రిల్‌లో హిల్డా మేడమ్ తిరిగొచ్చింది.

దానం ఏమీ దాచలేదు. ఎండిన కుండీల ముందు నిలబడి, పోయిన ప్రతి మొక్క పేరూ చెప్పాడు. పదో పేరు దగ్గరే రెబెక్కా ఉండబట్టలేకపోయింది.

"మేడమ్, ఆయన తప్పు లేదు!" అని ఇంగ్లీషులో అరిచినట్టే అంది. "నా బిడ్డ కోసం నేనే తీయించాను. అనేదేదో నన్ను అనండి!"

హిల్డా మేడమ్ ఎండుకొమ్మను నిమురుతూ కుండీ పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "రెండో ప్రపంచయుద్ధంలో మా మేడని సైనికుల ఆస్పత్రి చేశారు. వాళ్ల తిండి కోసం మా అమ్మమ్మ వందేళ్ల గులాబీలు తవ్వించి బంగాళాదుంపలు నాటించింది. అప్పుడు నేను చిన్నపిల్లని, నా కళ్లతో చూశాను. ఏడుస్తూనే తవ్వించింది... ఆపమని మాత్రం అనలేదు. దానం చేసింది మా ఇంట్లో వాళ్లు చేసిన పనే!"

"ఏమంటున్నారే?" ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన దానం భార్య వైపు తిరిగాడు. "పనిలోంచి పొమ్మన్నారా?"

రెబెక్కా భర్త చెయ్యి పట్టుకుంది. "కాదండీ..." ఏడుస్తూనే చెప్పింది. "మీరు ఆవిడ పుట్టింటివారట. ఆవిడకి తమ్ముడట!"

హిల్డా మేడమ్ తమ్ముడు అనలేదు. కానీ రెబెక్కాకు అంతకంటే సరైన తెలుగు దొరకలేదు. మూడు నెలలుగా కన్నీటిచుక్క రాల్చని దానం, ఆ కుండీల మధ్యే కూలబడి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.