పెడల్‌కి వదలాల్సిన ఖాళీ

ఉదయం ఏడు కాకుండానే కూతురి కారు గేటు దాటింది. వెనక సీటు అద్దంలోంచి మనవరాలు రెండు చేతులూ ఊపింది. ఐదేళ్ళ పిల్ల, నిద్రలో తప్ప నోరు మూతపడదు, అందుకే ఇంట్లో అందరికీ అది పిచ్చుక. కారు మలుపు తిరిగేదాకా చూసి అమ్మమ్మ వంటింట్లోకి వచ్చింది.

కూతురు కొండకి అవతలి ఊళ్ళో నర్సు. రెండు రోజుల సెలవుకి వస్తూ వస్తూనే కారు క్లచ్చు అయిపోయిందని చెప్పింది. ఆ మోడల్ ఆగిపోయి చాలా కాలమైంది, అసలు క్లచ్చు ఎక్కడా దొరకలేదు. వేరే కంపెనీ చేసిన సెట్టు ముందే తెప్పించి వెంట తెచ్చుకుంది. "పెద్ద వర్క్‌షాపులో వేయిస్తాలే నాన్నా, నీకెందుకు శ్రమ" అంది కూతురు. అంతే! నలభై ఏళ్ళుగా ఇంటి పక్క షెడ్డులో మెకానిక్కుగా బతికిన మనిషి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నేనుండగా నా కూతురి బండి మీద ఇంకొకడు చెయ్యేస్తాడా?" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది?

నిన్న పొద్దున గేర్‌బాక్సు దించి, సాయంత్రానికి కొత్త క్లచ్చు ఎక్కించి మళ్ళీ బిగించాడు. ఆఖరున మిగిలింది పెడల్ సర్దడం. పెడల్ మీద కాలు పెట్టగానే బరువు తగలకూడదు. మొదట రెండు వేళ్ళ మందాన వదులుగా దిగాలి, అప్పుడు బరువు తెలియాలి. ఆ ఖాళీ వదలకపోతే క్లచ్చు ఎప్పుడూ కొంచెం నొక్కినట్టే ఉంటుంది, చదును రోడ్డు మీద బాగానే నడిచి, ఎత్తు ఎక్కేటప్పుడు జారుతుంది. మిగతా మెకానిక్కులు స్కేలు పెట్టి కొలుస్తారు. ఈయన మాత్రం చెప్పు విప్పి, కళ్ళు మూసుకుని, ఎడమ పాదంతో నొక్కి చూస్తాడు. పెళ్ళైన కొత్తలో ఆ తంతు చూసి ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"చూశావటే పిచ్చుకా, తాతయ్య పాదం ముందు ఏ స్కేలూ పనికిరాదు" అని కూతురు కారు పక్కన నిలబడి మురిసిపోయింది. తాతయ్య నవ్వలేదు. నొక్కాడు, నట్టు తిప్పాడు, మళ్ళీ నొక్కాడు. "సరిపోయింది" అన్నాడు.

ఇప్పుడు వంటింటి గచ్చు మీద ఎర్రటి మరకలు కనిపించాయి. షెడ్డు తలుపు నుంచి హాల్లోకి, అడుగు విడిచి అడుగు. ఏ డబ్బాలోనిదో రంగు తొక్కి వచ్చాడనుకుని, తిట్టడానికి నోరు తెరుచుకుని హాల్లోకి వెళ్ళింది. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఎడమ కాలి మేజోడు తడిసిపోయి, చెప్పు అంచు నుంచి నెత్తురు బొట్టు బొట్టుగా కారుతోంది.

"ఏమండీ! కాలు!"

"ఏ కాలు?" అంటూ ఆయన కిందికి చూశాడు. చూశాక కూడా కాలు వెనక్కి తీసుకోలేదు.

ఆవిడ చెప్పు లాగింది. వేలెడు ఇనుప ముక్క రబ్బరులోంచి దూసుకొచ్చి పాదంలో దిగి ఉంది. బయటికి లాగుతుంటే ఆవిడకే ఒళ్ళు జలదరించింది. ఆయన కనురెప్ప కదలలేదు.

"నొప్పి లేదా?"

ఆయన పేపరు మడిచాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా! నొప్పి లేదా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఆర్నెల్లు. షుగరు వల్ల అనుకుంటా. ముందు వేళ్ళు మొద్దుబారాయి. తర్వాత..." ఆయన ఆగిపోయాడు. "నీకు చెప్తే అమ్మాయికి చెప్తావు. అది నర్సు. షెడ్డుకి తాళం వేయిస్తుంది."

అందుకా! ఇంట్లో కూడా మేజోళ్ళు, చలి వేస్తోందని సాకులు! ఆవిడ నెత్తి కొట్టుకోబోయి, చెయ్యి అలాగే గాలిలో ఆపేసింది. నిన్నటి సాయంత్రం కళ్ళ ముందు తిరిగింది.

"మరి నిన్న పెడల్ ఏ పాదంతో చూశారు?"

ఆయన ముఖంలో రంగు పోయింది. "తెలియలేదే" అన్నాడు. "నొక్కితే ఏమీ తెలియలేదు. చేత్తో చూద్దామనుకున్నా. ఇంతలో అమ్మాయి పిల్లకి గొప్పగా చెప్తోంది. దాని ముందు నా కాలికి తెలియట్లేదని... నోరు రాలేదు. అలవాటు కదా అని అంచనాగా బిగించేశాను."

ఆవిడ ఫోన్ అందుకుంది. కూతురికి చేసింది. అందుబాటులో లేరంది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట. అప్పటికే కొండ దారిలో పడి ఉంటారు. పైగా తెల్లారినప్పట్నుంచీ పొగమంచు. ఆ దారిలో ఒకవైపు బండ, ఒకవైపు లోయ, వెనక లారీలు.

ఆయన తన పాత వ్యాను తాళం కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ముందే లాక్కుంది.

"ఎక్కడ తొక్కుతున్నారో తెలియని మనిషి, మీరు నడుపుతారా? పక్కన కూర్చోండి!"

పాదానికి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టింది. ఆవిడ స్టీరింగు పట్టుకుని ఆరేళ్ళైంది. నేర్పింది ఆయనే, నేర్పినన్నాళ్ళూ తిట్టిందీ ఆయనే. ఇవాళ మొదటి గేరులో వ్యాను ఒక్క కుదుపుతో ఆగిపోతే పల్లెత్తు మాట అనలేదు. అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

కొండ మొదలయ్యాక మంచులో పది గజాలు కూడా కనిపించలేదు. ఒక్కో మలుపు దగ్గరా ఆవిడ హారను కొట్టేది. మలుపు తిరగ్గానే రోడ్డు ఖాళీ. మళ్ళీ మలుపు. ఆయన అద్దం దించి తల బయట పెట్టాడు.

"వాసన" అన్నాడు.

ఆవిడకీ తెలిసింది. కాలిన క్లచ్చు వాసన. నలభై ఏళ్ళుగా ఆయన చొక్కాలకి ఉండే వాసనే, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు.

ఆ పై మలుపులో, బండ వైపు వాలి ఆగి ఉంది కారు. వెనక చక్రాల కింద రాళ్ళు. లోపల ఎవరూ లేరు.

"పిచ్చుకా!" అని ఆయన అరిచిన అరుపుకి కొండ మారుమోగింది.

"తాతయ్యా, ఇక్కడున్నాం!"

బండ పక్కన, దారికి దూరంగా, కూతురు పిల్లని గుండెలకి అదుముకుని కూర్చుని ఉంది. అమ్మమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. వ్యాను ఆపి హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు మీద తల పెట్టి భోరుమంది.

"ఇంజను అరుస్తోంది కానీ బండి ఎక్కడం లేదు నాన్నా" అంది కూతురు. "వెనక లారీవాడు ఒకటే హారను. మంచులో నన్ను చూశాడో లేదో తెలియదు. బ్రేకు తొక్కి పట్టుకుని, వెనక పిల్ల ఉందే అనుకుంటూ... ఆఖరి నిమిషంలో పక్కకి తిప్పాడు. ఏంటి నాన్నా ఇది? నువ్వు చూశావు కదా!"

ఆయన ఏ సాకూ చెప్పలేదు. తువ్వాలు చుట్టిన కాలితో రోడ్డు మీద నిలబడి, పాదం సంగతి, నిన్నటి అబద్ధం, అంతా చెప్పాడు.

కూతురు విరుచుకుపడింది. "వర్క్‌షాపుకి వెళ్తానంటే వెళ్ళనిచ్చావా? నీ పరువు కోసం నా పిల్లని ఈ లోయ అంచున నిలబెట్టావు!"

"అవునమ్మా" అన్నాడాయన.

క్లచ్చు చల్లబడేదాకా ఎవరూ మాట్లాడలేదు. పిచ్చుక కూడా. తర్వాత ఆయన బానెట్ ఎత్తి, "పిల్ల సంచిలో స్కేలుందా అమ్మా?" అని అడిగాడు. "పెడల్ పక్కన పెట్టి చేత్తో నొక్కు. బరువు ఎక్కడ తగులుతోందో చెప్పు."

కూతురు వంగి నొక్కింది. "ముట్టుకోగానే తగులుతోంది. ఖాళీయే లేదు."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచి, పెడల్ కేబుల్ నట్టు వదులు చేశాడు. "ఇప్పుడు?"

"సెంటీమీటరు."

"ఇప్పుడు?"

"ఒకటిన్నర. రెండుకి దగ్గర."

"చాలు. కిందికి దిగేదాకా పనిచేస్తుంది. దిగాక పెద్ద వర్క్‌షాపులో చూపించు." ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

కూతురు స్కేలు పట్టుకుని కారు దిగింది. ఆయన్ని వ్యాను తలుపు దగ్గర కూర్చోబెట్టి, తువ్వాలు విప్పి, గాయం కడిగి కట్టు కట్టింది. "కళ్ళు మూసుకో నాన్నా. తగిలినప్పుడు చెప్పు."

పెన్ను మొనతో బొటనవేలు తాకింది. ఆయన ఏమీ అనలేదు. అరిపాదం. మడమ. చీలమండ. ఆయన ఎదురుచూస్తూ అలాగే కూర్చున్నాడు. చీలమండ దాటి నాలుగు వేళ్ళు పైకి వెళ్ళాక, "ఆ, ఇక్కడ" అన్నాడు.

కూతురు మడమ దగ్గర స్కేలు ఆనించింది. పదిహేను సెంటీమీటర్ల స్కేలు చాలలేదు. రోజూ ఆసుపత్రిలో షుగరు ఉన్నవాళ్ళ పాదాలన్నీ ఇలాగే చూస్తుంది. నెలకోసారి వచ్చి, తండ్రి కాళ్ళకున్న మేజోళ్ళు చూసి చలేమో అనుకుని వెళ్ళిపోయింది. ఆ కాలి మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"కన్నీళ్ళు పడుతున్నాయా కాలి మీద?" అని ఆయన అడిగాడు. "నాకు తెలియట్లేదమ్మా. భయమేస్తోంది."

"నాకూ భయంగానే ఉంది నాన్నా. ఇలాగే ఆసుపత్రికి పోదాం పద."

ఆయన స్టీరింగు వైపు చూడనైనా చూడలేదు. వ్యాను పక్క సీటు మెట్టు మీద ఎడమ కాలు పెట్టి, ఎక్కకుండా ఆగాడు.

"ఏమే, ఆనిందా?" అని భార్యని అడిగాడు.

ఆవిడ వంగి, పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, కాస్త లోపలికి జరిపింది.

"ఆనింది. ఎక్కండి."