నీరుగంటి కూతురు

ఏడు కొట్టేసరికి ఈశ్వరి ఫోను, కాగితం, చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. నెల రోజులుగా ఆమెకు తెల్లవారేది అలాగే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆసుపత్రులకు ఫోన్ చేసి, ఆక్సిజన్ బెడ్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో కనుక్కుని రాయాలి. దేశంలోని ఊళ్లన్నీ ఫోన్లో ఒకే పట్టికలో కనిపించేలా ఆమెలాంటి వాళ్లు ఎందరో పైసా తీసుకోకుండా ఈ పని చేస్తున్నారు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మే నెలలో జనం లేవగానే దేవుడి పటం కంటే ముందు ఆ పట్టికనే చూసేవాళ్లు.

ఆ రోజు మాత్రం పక్కగదిలో తండ్రి దాసప్పకు ఊపిరాడటం లేదు. వేలికి పెట్టిన మిషన్ ఎనభై ఆరు చూపిస్తోంది. హిందూపురం సున్నా, పెనుకొండ సున్నా. ధర్మవరంలో ఒక్కటంటే ఒక్కటే ఖాళీ.

"ఫోన్లో చెప్తే ఆపిపెట్టరంట. ముందొచ్చినోళ్లకే," అంది.

"అయితే సున్నా అని రాయక్కా," అన్నాడు తమ్ముడు ఉమేష్. "కారు వస్తాండాది. రెండు గంటల్లో ఆడుంటాం. అంతవరకే."

"అట్లెట్ల రాస్తాన్రా?"

"నాయన కంటే నీకు ఆ పట్టికే ఎక్కువైపోయిందా?"

తల్లి హనుమమ్మ కూతురికి రెండు చేతులూ జోడించింది. కన్నతల్లి చేతులు జోడిస్తే ఏ బిడ్డ తట్టుకోగలదు? ఈశ్వరి సున్నా రాసేసింది.

"ఎంతుండాదమ్మా, నిజంగా?" గోడ అవతలి నుంచి దాసప్ప గొంతు. ఊపిరి ఆడకపోయినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

"ఒకటి, నాయనా."

"ముప్పై ఏండ్లు నీరుగంటిగా చేస్తి." దగ్గు తెర వచ్చి ఆగింది. "మన మడికి నీళ్లు ఎప్పుడు కడ్తా ఉంటిని?"

రొళ్ల దగ్గరి పల్లెలో చెరువు నీళ్లు వంతుల ప్రకారం పంచినవాడు దాసప్ప. నీరుగంటి మడికి ఆఖరి వంతు, అది ఆ ఊరి కట్టుబాటు. ఒక ఏడాది వంతు వచ్చేలోపు వాళ్ల వరి ఎండిపోయింది కూడా.

ఈశ్వరి సున్నా చెరిపి ఒకటి వేసింది.

అరగంటకు కారు వచ్చింది. దాసప్పను పట్టుకుని లేపుతుండగా ధర్మవరం నుంచి ఫోన్. బెడ్డు నిండిపోయింది.

"ధర్మం చేసినావు గదా, ఇంగ నాయన్ని తీస్కపోయి ఆ పట్టికలో పండబెట్టు!" ఉమేష్ అరుపుకు పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

ఈశ్వరి ఏడుస్తూనే పట్టిక తెరిచింది. ఈసారి రాయడానికి కాదు, వెతకడానికి. అన్నీ సున్నాలే. చివరికి కర్ణాటక హద్దు దాటాక గౌరిబిదనూరులో ఒకటి. పది నిమిషాల కిందట రాసింది. కింద ఉన్న నంబరుకు చేసింది.

"ఉండాది అక్కా, బేగ బన్ని," అని తొందరపెట్టింది ఒక ఆడపిల్ల.

తొమ్మిదికల్లా దాసప్పకు ఆక్సిజన్ అందింది. కాస్త కుదుటపడ్డాక ఆ పిల్లకు ఒక మంచి మాట చెబుదామని ఉమేషే ఫోన్ చేశాడు.

"నీ పుణ్యమమ్మా. ఆ బెడ్డు ఎవరు ఖాళీ చేసినారో, వాళ్లు చల్లగుండాల."

"అది మా అప్పంది, మా నాయనది అన్నా. పొద్దున్నే పోయినారు. ఈడ నంబర్లు రాసేది నేనే. నేను రాయకుంటే ఇంకొకరికి ఎట్ల తెలుస్తాది?"

ఉమేష్ ఫోన్ పెట్టేసి అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీదే పసివాడిలా ఏడ్చాడు.

పన్నెండో రోజు దాసప్ప తన కాళ్ల మీద తానే నడిచి వచ్చి కారెక్కాడు. ఉమేష్ తలుపు మూసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి ఆ పిల్లకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మా నాయన లేచినాడు. ఒకటి రాసుకో."